అంతా తీస్తున్నారా?

పొద్దున ఆరు కొట్టగానే డ్రైవరుగారు వీధి తలుపు తీస్తాడు. చీపురు పుచ్చుకుని గుమ్మం ముందు ఊడుస్తూ, గోడవారగా ఉన్న బెంచీ మీద ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టి లోపలికి కేకేస్తాడు.

"ఇవాళ ఇద్దరేనోయ్!"

"ముగ్గుర్ని తెరిచానే! సరిగ్గా చూడండి."

"ఆఁ, గొడుగాయన ఇప్పుడే సందు మలుపు తిరుగుతున్నాడు. ఆయనెప్పుడు టైముకొచ్చాడు గనక!"

బెంచీ మీద వాళ్లు ఒళ్లో పాసుపుస్తకాలు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటారు. "కాస్త కాళ్లు ఎత్తండి" అని మొదటిరోజు అడిగాడు డ్రైవరుగారు. ఎత్తలేదు. కాళ్లెత్తడం వాళ్లకి రాయలేదు మరి. అప్పట్నుంచి వాళ్ల కాళ్ల చుట్టూ ఊడ్చేసి, సిటీ బస్సు తోలడానికి డిపోకి పోతున్నాడు. లోపల ఆయన భార్య పాత కంప్యూటరు ముందు కూర్చుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతూ ఉంటుంది. ఆవిడ ప్రోగ్రాము నడిచినంతసేపూ అందులో తెరిచిన ఖాతాదార్లు బెంచీ మీద ఉంటారు. ప్రోగ్రాము ఆగిందా, లేచి సందు చివరిదాకా నడిచి, ఆ తర్వాత ఇక ఉండరు. దీని మీద వచ్చిన ఫిర్యాదల్లా ఒక్కటే, పక్కింటావిడది. "ఒదినా, మీ వాళ్లు మా పూలకుండీలకి ఎండ తగలనివ్వడం లేదు. బెంచీ కాస్త ఇటు జరుపుకోకూడదూ!" అంది. జరుపుకున్నారు. ఆ గొడవ అక్కడితో తీరింది.

ఆవిడకి పేరు లేకేం, ఉంది. జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా దాంతో పని పడలేదు. బ్యాంకులో అందరికీ ఆవిడ కౌంటరమ్మ. మూడో నంబరు కౌంటరులో ఇరవై నాలుగేళ్లుగా నోట్లు లెక్కపెడుతోంది. అన్నేళ్లలో సాయంత్రం లెక్కకి ఒక్క పైసా తేడా వచ్చిన రోజు లేదు. ఈ మాట ఆవిడ నోటంట ఎప్పుడూ రాదు. రానక్కర్లేకుండా డ్రైవరుగారే బస్సెక్కిన ప్రతివాడికీ చెబుతాడు. టిక్కెట్టు తీసుకున్నా తీసుకోకపోయినా ఆ కబురు మాత్రం వినే దిగాలి.

అలాంటి కౌంటరుకి ఎసరు పెట్టారు. హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆరు నెలల్లో కౌంటర్లు ఎత్తేసి మెషిన్లు పెడతారట. కౌంటర్ల వాళ్లలో కంప్యూటరు పరీక్ష పాసైనవాళ్లని హెడ్డాఫీసు ప్రోగ్రాముల విభాగానికి తీసుకుంటారు. పాసుకాని వాళ్లకి రావలసింది లెక్కకట్టి ఇచ్చి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తారు. పరీక్ష ఏమిటయ్యా అంటే, చిన్న బ్యాంకు ప్రోగ్రాము ఎవరికి వాళ్లు సొంతంగా రాసి చూపించాలి. ఖాతా తెరవాలి, డబ్బు వెయ్యాలి, తియ్యాలి, నిల్వ చెప్పాలి. దాని మీద పది పరీక్షలు పెడతారు. పదికి పదీ రావాలి. తొమ్మిదొచ్చినా గడియారమే.

"మనింట్లో గడియారం ఉందిగా," అంది కౌంటరమ్మ ఆ కాగితం మడిచి. "రెండోది ఎక్కడ తగిలిస్తాం?"

నవ్వుతూనే అంది గానీ, రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు మొగుడితో అనేసింది. "డబ్బు సంగతి కాదండీ. మీ జీతంతో మనిద్దరం బతకలేమా? ఏభై ఒకటో ఏట, నీతో ఇక పనిలేదు పో అంటే, నేను తల ఎక్కడ పెట్టుకోను?"

"అనరు. అంటే నేను బస్సు తీసుకెళ్లి హెడ్డాఫీసు గుమ్మానికి అడ్డంగా పెట్టేస్తాను," అన్నాడాయన.

అంతలేసి సాయం అవసరం పడకుండా ఆవిడ చదువు మొదలెట్టింది. వారానికి మూడు సాయంత్రాలు శిక్షణ. అన్ని బ్రాంచీల్లోంచీ పదిమంది చేరారు. నేర్పే టీచరు నిండా పాతికేళ్లు లేని పిల్ల. మొదటిరోజు బోర్డు మీద కుక్క బొమ్మ గీసింది.

"క్లాసు అంటే ఒక అచ్చు. ఆబ్జెక్టు అంటే ఆ అచ్చులోంచి తీసినది. కుక్క అనేది క్లాసు. మీ ఇంట్లో కుక్క ఆబ్జెక్టు."

"మా ఇంట్లో కుక్క లేదు తల్లీ," అంది కౌంటరమ్మ.

టీచరు కుక్కని చెరిపేసి కారు గీసింది. కారూ లేదు. పదిమందీ మొహమొహాలు చూసుకున్నారు. కౌంటరమ్మ కాసేపు బుర్ర గోక్కుని, చేతిసంచీలోంచి ఖాతా తెరిచే ఫారాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదిగో, ఈ ఖాళీ ఫారం చూడు. పేరు రాసే చోటుంది, నిల్వ రాసే చోటుంది. కానీ ఇది ఎవరి ఖాతా? ఎవరిదీ కాదు. ఒకరొచ్చి నింపితే ఒక ఖాతా, ఇంకొకరొచ్చి నింపితే ఇంకో ఖాతా. నువ్వు చెప్పే క్లాసు ఈ ఖాళీ ఫారమేనా?"

"అదే మేడమ్! అచ్చం అదే!"

"ఈపాటి దానికి మధ్యలో కుక్కెందుకమ్మా?"

గదంతా గొల్లుమంది. టీచరు కూడా నవ్వింది, ఆ రోజు నుంచి కుక్క బొమ్మ మళ్లీ గియ్యలేదు.

మర్నాడు పొద్దున కౌంటరమ్మ ఇంట్లో కూర్చుని మొదటి ఖాతా తెరిచింది. ఎవరి పేరు పెట్టాలా అని ఆలోచించి, ఒకప్పుడు తన కౌంటరుకి ఎండయినా వానయినా గొడుగేసుకుని వచ్చే పెద్దాయన పేరు పెట్టింది. పెట్టిన కాసేపటికి బయట బెంచీ కిర్రుమంది. ఆయనే. గొడుగు మడిచి పక్కన ఆనించుకుని కూర్చున్నాడు. "బాగున్నారా, ఎన్నాళ్లయింది మిమ్మల్ని చూసి!" అంది ఈవిడ. "నా నిల్వ ఎంత?" అన్నాడాయన. ఆయనకి వచ్చిన మాటలు మూడే: ఇంత వేస్తాను, ఇంత తీస్తాను, నా నిల్వ ఎంత. ఆవిడ రాసింది అంతే గదా. తర్వాత ఒక నర్సు వచ్చింది. ఆ తర్వాత, చాలాసేపు తటపటాయించి, మిల్లమ్మ పేరు కొట్టింది. నూలు మిల్లులో దారం చుట్టే పనిచేసి చేసి చేతులు వంకర్లు పోయిన ఆవిడ వచ్చి, బెంచీ చివర ఒదిగి కూర్చుంది. కౌంటరమ్మ ఆవిడ మొహంలోకి సూటిగా చూడలేకపోయింది. దానికో కారణం ఉంది, వస్తాను దాని దగ్గరికి.

ముందు తప్పు సంగతి చెప్పాలి. కౌంటరు మీద కూర్చునేవాళ్లకి సొరుగు ఒక్కటే. ఎవరు వేసినా అందులోకే, ఎవరు తీసినా అందులోంచే. సాయంత్రం సొరుగు లెక్క తేలితే ఇంటికెళ్లి హాయిగా పడుకోవచ్చు. ఇరవై నాలుగేళ్ల అలవాటు చేతికి పట్టేసింది. అందుకని నిల్వని ఏ ఖాతాకి ఆ ఖాతాలో పెట్టకుండా, అందరికీ కలిపి ఒక్కచోట రాసింది. గొడుగాయన అయిదొందలు వేశాడు. ముగ్గురి పాసుపుస్తకాల్లోనూ అయిదొందలు ఎక్కింది. నర్సు రెండొందలు తీసింది. ముగ్గురివీ దిగాయి. ఇంకేముంది, పోట్లాట! తిట్టుకోవడానికి వాళ్లకి తిట్లు రాయలేదు. ఉన్న మాటలతోనే తిట్టుకున్నారు. "నా నిల్వ ఎంత?" అని గొడుగాయన గొడుగు నేలకేసి కొట్టాడు. "నా నిల్వ ఎంత!" అని నర్సు లేచి నిలబడింది. సందు సందంతా కిటికీల్లోంచి తొంగిచూసింది.

"ఇదేం లెక్కోయ్?" అన్నాడు డ్రైవరుగారు తల పట్టుకుని. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది!"

ఆదివారం టీచరు ఇంటికొచ్చింది. బెంచీ మీదవాళ్లకి దారిలోనే నమస్కారం పెట్టి, లోపలికొచ్చి తెర మీద రాత చదివి, పెదవులు బిగబట్టుకుని నవ్వింది.

"మేడమ్, సొరుగు మీది. నిల్వ వాళ్లది. ఇక్కడ నిల్వ ముందు 'సెల్ఫ్' అని పెట్టాలి. అంటే 'తన' అన్నమాట. తన పేరు, తన నిల్వ. అప్పుడు ఎవరిది వాళ్ల దగ్గరుంటుంది."

కౌంటరమ్మ ఆ మాట నాలుగుచోట్ల కొట్టింది. బయట గొడవ టక్కున ఆగింది. ముగ్గురూ ఎవరి పుస్తకం వాళ్లు తెరిచి చూసుకుని, మూసి గుండెకి ఆనించుకున్నారు. టీ ఇవ్వబోయి డ్రైవరుగారు ఊరికే మిల్లమ్మ పుస్తకంలోకి తొంగి చూశాడు. ఆవిడ చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టింది. టీ కూడా ముట్టలేదు.

"నీ ప్రోగ్రాము నన్నే నమ్మడం లేదే!"

"నమ్మకూడదండీ. నిల్వ బయటివాళ్లకి కనపడకూడదని నిన్ననే నేర్చుకున్నాను. చూశారా, ఎంత బాగా రాశానో!" అంది కౌంటరమ్మ. చాలారోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తింది.

ఇక మిల్లమ్మ సంగతి. పదకొండేళ్ల కిందట, నెల మొదటి రోజు, కౌంటరు ముందు బారెడు వరస. మిల్లమ్మ చీటీ ఇచ్చింది. ఇరవై ఏళ్లుగా దాచుకున్నదంతా తీస్తోంది. వెనక తమ్ముడి కొడుకట, భుజం మీదుగా వంగి చూస్తూ నిలబడ్డాడు. "అంతా ఎందుకమ్మా?" అని అడగాలని కౌంటరమ్మకి నాలుక చివరిదాకా వచ్చింది. వరసలో ఎవరో "త్వరగా కానివ్వండి" అన్నారు. అడగలేదు. లెక్కపెట్టి ఇచ్చేసింది. లెక్క ఒక్క పైసా తేడా రాలేదు. మరుసటి నెల మిల్లమ్మ ఒక్కతే వచ్చి, "ఇందులో ఏమైనా మిగిలిందేమో చూడమ్మా" అంది. ఏమీ లేదు. ఆవిడ పుస్తకం మడిచి కాసేపు ఎటు వెళ్లాలో తెలియనట్టు అక్కడే నిలబడి, వెళ్లిపోయింది. మళ్లీ కనబడలేదు.

అందుకే కౌంటరమ్మ డబ్బు తీసే చోట, ఎవరూ చెప్పకుండానే, నాలుగు లైన్లు అదనంగా రాసింది. ఖాతాలో ఉన్నదంతా ఒకేసారి తీయబోతే ప్రోగ్రాము ఆగి అడగాలి: "అంతా తీస్తున్నారా? ఎందుకో చెప్పండి." జవాబు ఏం రావాలో ఆవిడ రాయలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేసి, వచ్చేదాకా ఆగమంది.

మిల్లమ్మ ఖాతా మీద దాన్ని మొదటిసారి నడిపి చూసిన రోజు, ప్రశ్న తెర మీదకి వచ్చాక ఆవిడ కీబోర్డు మీద వేలు కూడా పెట్టలేదు. బయట్నుంచి గొంతు వినిపించింది. ఆ మాటలే తెర మీద ఒక్కొక్కటిగా పడ్డాయి.

"మా తమ్ముడి కొడుకు వ్యాపారం పెడతాడట. ఇవ్వకపోతే మొహం మాడ్చుకుంటాడు. నాకైతే ఇష్టం లేదమ్మా."

డ్రైవరుగారి చేతిలో చీపురు జారిపోయింది. మిగతా పనులన్నీ ఇలా చెయ్యి అలా చెయ్యి అని ఈవిడ రాసిపెట్టినవే. ఆ ఒక్క చోటే ఖాళీ వదిలింది, ఆ ఖాళీలో మిల్లమ్మ తన మాట తాను చెప్పుకుంది. అంతటితో ఆగిందా? మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. మిల్లులో తన పక్క మిషను మీద పనిచేసిన స్నేహితురాలి గురించి చెప్పింది. చెప్పీ చెప్పీ, "కాస్త టీ ఉంటే ఇస్తావా నాయనా" అంది. డ్రైవరుగారు పరిగెత్తాడు. ఆఖరికి మిల్లమ్మ, "తియ్యనులే, ఉండనీ" అంటే, ప్రోగ్రాము ముందుకి కదిలింది.

టీచరు ఇది చూసి మెచ్చుకోలేదు సరిగదా, కంగారుపడిపోయింది.

"మేడమ్, ఏడో పరీక్ష ఏమిటో తెలుసా? ఖాతాలో ఉన్నదంతా తియ్యాలి, నిల్వ సున్నా రావాలి. మీ ప్రోగ్రాము మధ్యలో ఆగి కబుర్లు పెట్టుకుంటే సున్నా ఎప్పుడొస్తుంది? ఆ నాలుగు లైన్లు తీసెయ్యండి."

"మంచిదేగా తల్లీ, అడగడం?"

"మంచిదే. కానీ ఎవరడిగారు దాన్ని? ఉంటే తొమ్మిదే వస్తుంది మేడమ్. తొమ్మిదంటే మీకు తెలుసుగా." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "పదిమందిలో మీరే బాగా రాస్తారు. మీరు పోతే నేను ఊరుకోలేను."

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం కౌంటరమ్మ ఆ నాలుగు లైన్లూ తీసేసింది. ఇరవై నాలుగేళ్ల నౌకరీ ఒకపక్క, నాలుగు లైన్లు ఒకపక్క. ఎవరైనా అదే పని చేస్తారు. తీసేసి నడిపింది. మిల్లమ్మ నోరు మెదపలేదు. పుస్తకంలో అంకె సున్నా అయింది. ఆవిడ బెంచీ మీంచి లేచి, ఆ ఖాళీ పుస్తకం పట్టుకుని వీధి మధ్యలో ఎండలో నిలబడింది. ప్రోగ్రాము ఇంకా నడుస్తూనే ఉంది గనక వెళ్లిపోలేదు. అలాగని చెయ్యడానికీ ఏమీ మిగల్లేదు. కౌంటరమ్మ బయటికొచ్చి "అమ్మా, కనీసం నీడలోకి రండి" అంది. నీడలోకి రావడం ఆవిడకి రాయలేదు.

కౌంటరమ్మ గుమ్మంలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పదకొండేళ్ల కిందట ఏడవాల్సింది కూడా కలిపి ఏడ్చింది. డ్రైవరుగారు గొడుగాయన్ని అడక్కుండానే ఆయన గొడుగు తీసుకెళ్లి మిల్లమ్మ తల మీద పట్టాడు. అక్కడ్నుంచే భార్యతో అన్నాడు.

"లోపలికెళ్లి ఆ లైన్లు పెట్టెయ్యి. గడియారం వస్తే వచ్చింది. వంటింట్లో తగిలిద్దాం."

పెట్టేసింది.

పరీక్ష హెడ్డాఫీసు మూడో అంతస్తులో. పరీక్ష పెట్టే పెద్ద అధికారిని అందరూ వెనకాల రూళ్లకర్ర అంటారు. గీత దాటడు, దాటనివ్వడు. కౌంటరమ్మ ప్రోగ్రాము నడిపించేసరికి కింద సెక్యూరిటీ అతను ఫోను చేశాడు: ముగ్గురు వచ్చారు, ఎవరి కోసం అని అడిగితే "నా నిల్వ ఎంత" అంటున్నారు, పైకి పంపమంటారా? పంపమన్నారు. రిజిస్టర్లో సంతకాలు తీసుకుని పంపాడు. ముగ్గురూ వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు.

ఆరు పరీక్షలు టకటకా అయిపోయాయి. రూళ్లకర్ర ఆరుసార్లు టిక్కు పెట్టాడు. ఏడోది మిల్లమ్మ ఖాతా మీద పెట్టాడు. తెర ఆగింది. అంతా తీస్తున్నారా? ఎందుకో చెప్పండి.

"ఇదేమిటి?"

"అడుగుతోంది సార్."

ఆయన 'అవును' అని కొట్టాడు. పడలేదు. ఇంకోసారి గట్టిగా కొట్టాడు. ఊహూఁ. ప్రశ్న ఆయన్ని కాదుగా అడిగింది. వరండాలోకి వెళ్లి, "అవునో కాదో చెప్పమ్మా, నాకు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు," అన్నాడు.

"కాస్త ఆలోచించుకోనివ్వండి బాబూ," అంది మిల్లమ్మ.

"మెషిన్ ఆపేద్దాం సార్," అన్నాడు సహాయకుడు.

"జవాబు రాకుండా పరీక్ష మధ్యలో ఆపకూడదు. తొమ్మిదో రూలు."

"ఆ రూలు పెట్టిందెవరు సార్?"

"నేనే," అన్నాడు రూళ్లకర్ర మొహం ముడుచుకుని.

మిగతా తొమ్మిదిమందికీ వేరే గదిలో పరీక్ష అయిపోయింది. తొమ్మిదిమందికీ పదికి పది. కౌంటరమ్మ కాగితం మీద మాత్రం ఆరు టిక్కులు, ఒక ఖాళీ. మిల్లమ్మ ఆలోచిస్తూనే ఉంది. ఒక రోజైంది. రెండో రోజైంది. ఎవరో ఆవిడకి ఫ్యాను తిప్పి పెట్టారు. రూళ్లకర్ర భోజనం డబ్బా తెచ్చుకుని ఆ బెంచీ మీదే తినడం మొదలెట్టాడు, ఎప్పుడు నోరు తెరిస్తే అప్పుడు పట్టుకోవచ్చని. కౌంటరమ్మ పగలంతా మూడో నంబరులో పనిచేసి, నాలుగింటికి కౌంటరు మూసి, వచ్చి పక్కన కూర్చునేది.

"మీరైనా తొందరపెట్టండి," అన్నాడాయన.

"నేను అడిగేదాన్నే సార్. చెప్పాల్సింది ఆవిడ."

"మీ ఉద్యోగం దీని మీద ఉందని తెలుసా?"

"తెలుసు సార్. రెండు రోజులుగా నిద్రలేదు. అయినా తొందరపెట్టను."

మూడో రోజు సాయంత్రం నాలుగున్నరకి మిల్లమ్మ తల పైకెత్తింది.

"మూడో వంతు ఇవ్వండి చాలు. మిగతాది నా పేరునే ఉండనీ."

లోపల తెర కదిలింది. రూళ్లకర్ర వెంటనే లేచి పోలేదు. "ఈ ముక్క చెప్పడానికి మూడు రోజులా అమ్మా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"ఇన్నేళ్లలో నా దగ్గర తీసుకున్నవాళ్లు చాలామంది నాయనా. ఎందుకిస్తున్నావని అడిగినవాళ్లు లేరు. అడిగితే ఏం చెప్పాలో అలవాటు లేదు. అందుకే ఆలస్యమైంది," అంది మిల్లమ్మ.

ఆయన లోపలికొచ్చి మిగిలిన మూడు పరీక్షలూ పెట్టాడు. మూడూ సరిపోయాయి. ఏడో దాని ఎదురుగా కలం పట్టుకుని కూర్చున్నాడు. సున్నా రావాల్సిన చోట మూడింట రెండు వంతులు ఉంది. కౌంటరమ్మకి ఇక ఆగబుద్ధి కాలేదు.

"తొమ్మిదని నాకు తెలుసు సార్. ఆ లైన్లు తెలియక పెట్టలేదు, తెలిసే పెట్టాను. ఇరవై నాలుగేళ్లలో నా లెక్క ఒక్క పైసా తేడా రాలేదని అందరూ అంటారు. ఒకసారి వచ్చింది. అది ఏ పుస్తకంలోనూ కనపడదు. ఆ రోజు నేను అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు నేను రాసిన ప్రోగ్రాము అడిగింది. గడియారం ఇవ్వండి, పట్టుకుపోతాను. సిగ్గుపడుతూ మాత్రం పోను."

రూళ్లకర్ర బల్ల సొరుగు లాగాడు. అందులోంచి నిజం రూళ్లకర్ర తీసి, పరీక్షల జాబితాలో ఏడో దాని మీద ఈ చివర నుంచి ఆ చివరికి గీత కొట్టాడు. జీవితంలో ఆయన కొట్టిన మొదటి కొట్టివేత అదే అంటారు. దాని పక్కన పొందికగా రాశాడు: అంతా తీస్తే ముందు అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి.

"ఈ లెక్కన మీకు పదికి పది," అన్నాడు. "మిగతావాళ్లకి తొమ్మిదే. వాళ్లందరికీ మళ్లీ పరీక్ష పెట్టాలి. వచ్చే వారం. ముందు వాళ్లకి ఈ ఏడోది నేర్పండి."

"నేనా సార్?"

"మరి నాకు వచ్చా?"

కింద గుమ్మం ముందు అరవైమంది ప్రయాణికులతో సిటీ బస్సు ఆగి ఉంది. కౌంటరమ్మ వేళ్లు పదీ చూపించగానే డ్రైవరుగారు హారను మీద చెయ్యి వేసి, ఇక తియ్యలేదు. "మా ఆవిడండీ! పదికి పది! హెడ్డాఫీసులో రూలే మార్పించింది!" అని వెనక్కి తిరిగి బస్సంతా వినేట్టు అరిచాడు. ఒక పెద్దమనిషి "ఏం పరీక్షండీ?" అన్నాడు. "ఏదైతే ఏమిటయ్యా, నువ్వు చప్పట్లు కొట్టు!" అన్నాడీయన. కొట్టారు. కౌంటరమ్మ సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది గానీ, ఆ చప్పట్లు చివరిదాకా వింది.

మరుసటి వారం టీచరు, తొమ్మిదిమందీ కౌంటరమ్మ చుట్టూ చేరారు. నాలుగు లైన్లూ అందరూ మళ్లీ రాయక్కర్లేదంది టీచరు. తమ ఖాతా మీ ఖాతాకి బిడ్డ అని పైన ఒక్క ముక్క రాస్తే చాలు మేడమ్, మీ పద్ధతులన్నీ వారసత్వంగా వాటికి వచ్చేస్తాయి, అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర కౌంటరమ్మ ఈ కబురు చెబితే, పిల్లలు లేని ఆ ఇంట్లో డ్రైవరుగారు కంచంలో చెయ్యి ఆపి, "ఇన్నేళ్లకి ఒకేసారి తొమ్మిదిమందా! ముందే చెబితే మంచాలు కొనేవాణ్ణిగా," అన్నాడు. ఇద్దరూ పొరబోయేలా నవ్వారు.

తొమ్మిదిమందీ మళ్లీ పెట్టిన పరీక్షలో పాసయ్యారు. తొమ్మిదితో ఆగలేదు. కౌంటర్లు ఎత్తేసి మెషిన్లు పెట్టే రోజు వచ్చేసరికి, ఆ బ్యాంకులో ఉన్న ప్రతి ఖాతా ఎక్కడో ఒకచోట కౌంటరమ్మ ఖాతాకి బిడ్డో, బిడ్డ బిడ్డో అయింది. ఆవిడకి మూడో అంతస్తులో కిటికీ పక్క బల్ల ఇచ్చారు. మెషిన్లు మొదలెట్టిన రోజు పొద్దున పదిన్నరకి ఆ బల్ల మీద ఫోను మోగింది. ఏదో దూరపు బ్రాంచి మేనేజరు.

"మేడమ్, మా దగ్గర మెషిన్ పాడైనట్టుంది. ఒక ముసలావిడ అరగంట నుంచి దాని ముందే నిలబడింది. అదేదో అడుగుతోందట, ఈవిడ చెప్పడం లేదు. ఆవిడతో వచ్చినాయన మీట నొక్కితే అది తీసుకోవడం లేదు. వెనక ఇరవైమంది ఉన్నారు. ఏం చెయ్యమంటారు?"

"మెషిన్ బాగానే ఉందండీ," అంది కౌంటరమ్మ. "ఆవిడకి ఒక కుర్చీ వెయ్యండి. ఆయన్ని కాస్త దూరంగా నిలబడమనండి. వరస వాళ్లని పక్క మెషిన్‌కి పంపండి."

"ఎంతసేపు మేడమ్?"

"ఆవిడ చెప్పేంతసేపు."

పన్నెండున్నరకి అదే మేనేజరు మళ్లీ ఫోను చేశాడు. ఆవిడ వెళ్లిపోయిందన్నాడు.

"ఎంత తీసింది?"

"బస్సు ఛార్జీకి సరిపడా తీసిందండీ, అంతే. ఆయన మాత్రం చాలా కోపంగా వెళ్లిపోయాడు."